గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి: సేవాధర్మం, ఖర్చుల లెక్క

(ప్రసంగ పాఠం)



ఒక దేశం ఒకటిగా నిలవడానికి రాజ్యాంగం కావాలి, శాసనసభలు కావాలి, రైలుమార్గాలు కావాలి. వీటితోపాటు, మనిషిని కులగోత్రాలు అడగకుండా లోనికి రానిచ్చే తావులు కొన్ని కావాలి. బడి అటువంటి తావు. ఆసుపత్రి అంతకంటె పెద్ద తావు. బడికి పిల్లలు మాత్రమే వెళతారు. ఆసుపత్రికి వెళ్ళే అవసరం అందరికీ ఉంటుంది. జ్వరానికి మతం లేదు, పురిటినొప్పికి భాషాభేదం లేదు. ఒకే వరుసలోని మంచాల మీద రైతు, కూలి, నేతగాని భార్య, దర్జీ కొడుకు పక్కపక్కన పడుకుంటారు. ఒకరికి తెచ్చిన జావ మరొకరికి పంచుతారు. జాతీయ సమైక్యత అనే పెద్దమాటకు ఇంతకంటె తేటయైన అర్థం దొరకడం కష్టం.

అటువంటి ఒక ఆసుపత్రి గుంటూరులో ఉన్నది. అది సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి. యేసు మరియ జోసెఫుల సభకు చెందిన కథోలిక మఠకన్యలు దానిని నడుపుతున్నారు. దాని కథలో స్కాట్లండు ఉన్నది, హాలండు ఉన్నది, ఆస్ట్రేలియా ఉన్నది. అన్నిటికంటె ఎక్కువగా కృష్ణా కాలువల కింది పల్లెలు, పల్నాటి మెట్టనేలలు ఉన్నవి. ఈ కథ ఒక సంస్థను పొగడడం కోసం చెప్పదగినది కాదు. లాభాపేక్ష లేని వైద్యం ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుంది, ఏయే చిక్కులను ఎదుర్కొంటుంది అన్న ప్రశ్నలకు ఇందులో సమాధానం దొరుకుతుంది కనుక చెప్పదగినది.

ఆనాటి గుంటూరు

1920 నాటికి గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఒక భాగం. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తి అయిన తరువాత డెల్టా పల్లెలు వరిపంటతో కళకళలాడసాగినవి. పశ్చిమాన పల్నాడు మాత్రం వర్షం మీద ఆధారపడిన మెట్ట. పంటల్లో ఈ రెండు ప్రాంతాలకు ఎంత తేడా ఉన్నా ఒక విషయంలో తేడా లేదు. కాన్పు కష్టమైతే రెండు చోట్లా తల్లీబిడ్డల మీద ఆశ వదులుకోవలసినదే.

ఆడదానికి కాన్పు మరుజన్మ అని తెలుగునాట పెద్దలు అంటారు. ఆ మాట ఉపమానం కోసం పుట్టినది కాదు. అనుభవం నుండి పుట్టినది. పురుడు ఇంటిలోనే జరిగేది. ఊరి మంత్రసాని చేతి నేర్పు మీద అంతా ఆధారపడి ఉండేది. ఆమెలో అనుభవం ఉండేది, ఓర్పు ఉండేది. కాని బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, పురిటిజ్వరం వచ్చినప్పుడు ఆమె చేయగలిగినది ఏమీ లేదు. పట్టణంలో డాక్టరు ఉన్నా, ఆయన మగవాడు. పరదా పాటించే ముస్లిం కుటుంబాలలోనే కాదు, అనేక హిందూ కుటుంబాలలో కూడ స్త్రీని మగ వైద్యునికి చూపించడం మర్యాద కాదని భావించేవారు. మర్యాద నిలిచేది, మనిషి నిలిచేది కాదు.

ఈ లోటును గుర్తించినవారు అంతకు ముందే గుంటూరులో లేకపోలేదు. అమెరికా లూథరన్ మిషనుకు చెందిన డాక్టరు అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె కృషి ఫలితంగా 1898లో స్త్రీల కోసం అక్కడ ఆసుపత్రి వెలసింది. 1930లో మరణించే దాకా ఆమె ఆ ఊరికే అంకితమయ్యారు. నేటికీ గుంటూరువాసులు ఆ ఆసుపత్రిని ఆమె పేరుతోనే పిలుస్తారు. అయినా జిల్లా పెద్దది, వైద్యులు కొద్దిమంది. రెండవ వైద్యశాలకు, మూడవ వైద్యశాలకు కూడ చాలినంత పని మిగిలి ఉన్నది.

ఒక చిన్న పుస్తకం చేసిన పని

యేసు మరియ జోసెఫుల సభ 1822లో హాలండులో ఏర్పడింది. ఆ సభకు చెందిన డచ్చి మఠకన్యలు 1904లో గుంటూరు చేరారు. వారు బాలికలకు చదువు చెప్పారు, అనాథలను చేరదీశారు, ఒక చిన్న డిస్పెన్సరీలో గాయాలకు కట్లు కట్టి, జ్వరాలకు మందులు ఇచ్చారు. అయితే వారిలో డాక్టరు లేరు. డాక్టరు లేని చోట దయ ఎంత ఉన్నా కొంత దూరమే నడుస్తుంది.

డాక్టరు వచ్చిన దారి విచిత్రమైనది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు మహిళ 1837లో జన్మించారు. స్త్రీలకు వైద్యవిద్య బ్రిటనులో దుర్లభమైన రోజుల్లో ఆమె ఫ్రాన్సులోని మాంపెలియే వెళ్ళి 1878లో వైద్యపట్టం పొందారు. భారతదేశంలో స్త్రీలు వైద్యసహాయం లేక మరణిస్తున్నారని తెలుసుకుని, 1909లో, 72 సంవత్సరాల వయస్సులో, రావల్పిండి దాకా ప్రయాణం చేశారు. అక్కడ స్త్రీల కోసం సెయింట్ కేథరిన్ ఆసుపత్రి ఏర్పడటానికి ఆమె కారకులు. 1913లో ఆమె మరణించారు.

మరణించిన రెండేళ్ళకు ఆమె జీవితాన్ని గురించిన ఒక చిన్న పుస్తకం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఒక యువ వైద్యురాలి చేతికి వచ్చింది. ఆ వైద్యురాలి పేరు మేరీ గ్లౌరీ. ఆమె 1887లో విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగుర్రాలో జన్మించారు. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందారు. నగరంలోని ప్రముఖ ఆసుపత్రులలో ఆమెకు స్థానం ఉన్నది. కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు ఉన్నది. కథోలిక స్త్రీల సంఘానికి 1916లో మొదటి అధ్యక్షురాలు అయ్యారు. సుఖంగా, గౌరవంగా గడపడానికి ఒక వైద్యురాలికి ఇంతకంటె ఏమి కావాలి? భారతదేశంలో పసిపిల్లల మరణాలను గురించి ఆ పుస్తకంలో చదివిన తరువాత ఆమెకు ఆ సుఖం చాలలేదు.

ఆమె వెంటనే బయలుదేరలేదు. ఇక్కడ గమనించవలసిన విషయం ఉన్నది. ఉత్సాహం ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. మరింత చదివి, ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, నేత్రవైద్యాలలో 1919లో ఎం.డి. పట్టం సాధించారు. వెళ్ళబోయే చోట ఏ జబ్బులు ఎదురవుతాయో ఆ జబ్బులకే తయారయ్యారు. 1920 జనవరిలో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12వ తేదీన గుంటూరు చేరారు. తిరిగి ఎన్నడూ ఆస్ట్రేలియా వెళ్ళలేదు.

అదే 1920లో ఆస్ట్రియాకు చెందిన అన్నా డెంగెల్ అనే మరొక యువ వైద్యురాలు రావల్పిండి చేరారు. ఆమెకు కూడ దారి చూపినది మెక్‌లారెన్ ఆదర్శమే. కొన్నేళ్ళ తరువాత, 1925లో, ఆమె అమెరికాలోని వాషింగ్టనులో మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే సంస్థను స్థాపించారు. ఉపఖండానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మధ్యలో తరువాత ఒక సరిహద్దు గీత పడింది. వారు నాటిన వైద్య సంప్రదాయం మాత్రం గీతకు రెండు వైపులా బ్రతికింది.

అడ్డు నిలిచిన నియమం

మేరీ గ్లౌరీ గుంటూరు మఠంలో చేరడంతో కథ ముగియలేదు. అసలు చిక్కు అక్కడే మొదలయింది. మతదీక్ష తీసుకున్నవారు వైద్యవృత్తి చేయడాన్ని కథోలిక చర్చి నియమాలు ఆనాడు అనుమతించేవి కావు. మఠకన్యలు రోగులకు పరిచర్య చేయవచ్చు. డాక్టరుగా చికిత్స చేయడం, ముఖ్యంగా కాన్పులు చేయడం వారికి తగదని భావన. అనగా ఏ పని కోసం ఆమె సముద్రం దాటి వచ్చారో, దీక్ష తీసుకున్న మరుక్షణం ఆ పనికే అనర్హులు కావలసి ఉన్నది.

పోపు పదిహేనవ బెనెడిక్టు ఆమెకు ప్రత్యేకమైన అనుమతి ఇచ్చారు. అందువల్ల ఆమె మఠకన్యగాను, డాక్టరుగాను కొనసాగగలిగారు. డాక్టరుగా పనిచేసిన మొదటి మఠకన్యగా ఆమెను చరిత్ర గుర్తుంచుకున్నది. దీక్షలో ఆమె పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్. అయితే ఒక్కరికి ఇచ్చిన అనుమతి అందరికీ దారి కాదు. 1936 ఫిబ్రవరిలో వాటికన్ ఒక ఆదేశపత్రం ద్వారా మఠకన్యలు వైద్యవిద్య నేర్చుకుని ప్రసూతి వైద్యంతో సహా చేయవచ్చునని సాధారణ అనుమతి ఇచ్చింది. పదహారు సంవత్సరాలు గుంటూరులో జరిగిన పని, రావల్పిండిలో జరిగిన పని ఆ మార్పు అవసరమని కళ్ళెదుట నిరూపించినవి.

ఇందులో ఒక పాఠం ఉన్నది. ఆచారం ఎంత పాతదైనా, ఎంత పవిత్రమని పేరుపడినా, మనిషి ప్రాణం ముందు అది సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. పల్లెలో స్త్రీని మగ డాక్టరుకు చూపించరాదన్న ఆచారం, మఠంలో కన్య డాక్టరు కారాదన్న ఆచారం, ఈ రెండింటి నడుమ చిక్కుకున్నది పురిటిమంచం మీది తల్లి. ఒక ఆచారం సడలేదాకా రెండవదానికి విరుగుడు దొరకలేదు.

భాష నేర్చిన డాక్టరమ్మ

గుంటూరులో ఆమె మొదట నేర్చుకోవలసినది తెలుగు. రోగి చెప్పే మాట అర్థం కాకపోతే నాడి పట్టి ఏమి లాభం? పల్లెటూరి స్త్రీ తన బాధను పుస్తక భాషలో చెప్పదు. కళ్ళు తిరుగుతున్నాయంటుంది, కడుపులో దేవినట్టుంది అంటుంది, నవనాడులూ కుంగిపోయాయంటుంది. ఈ మాటల వెనుక ఉన్న జబ్బును పోల్చుకోవడం ఏ విశ్వవిద్యాలయమూ నేర్పదు. రోగుల నడుమ కూర్చుంటేనే వస్తుంది.

చిన్న డిస్పెన్సరీ ఆమె చేతిలో క్రమంగా సమగ్రమైన ఆసుపత్రిగా ఎదిగింది. రోగులు రావడమే కాదు, ఆమె కూడ వారి దగ్గరకు వెళ్ళేవారు. సరియైన రోడ్లు లేని ఆ రోజుల్లో పల్లెలకు వైద్యం చేరాలంటే డాక్టరు ప్రయాణం చేయక తప్పదు. వర్షాకాలంలో నల్లరేగడి భూముల్లో బండిచక్రం దిగబడితే ముందుకు సాగడం ఎంత కష్టమో ఆ ప్రాంతపు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. 37 సంవత్సరాల సేవాకాలంలో లక్షలాది రోగులకు ఆమె వైద్యం అందింది. వారిలో అధికులు స్త్రీలు, శిశువులు.

ఒక డాక్టరు రెండు చేతులతో ఎంతమందిని చూడగలరు? ఈ ప్రశ్నకు ఆమె చెప్పిన సమాధానమే ఆమె చేసిన పనులలో ఉత్తమమైనది. స్థానిక యువతులకు కంపౌండరు పని, కాన్పు పని, నర్సు పని నేర్పించారు. ఒక్కొక్క శిష్యురాలు ఒక్కొక్క పల్లెకు, ఒక్కొక్క డిస్పెన్సరీకి వెళ్ళింది. డాక్టరు చేతి నేర్పు ఒక తరంతో పోకుండా పదిచేతులకు పాకింది.

ఆనాడు నర్సు పనికి సంఘంలో గౌరవం లేదు. పరాయివారి మలమూత్రాలు ఎత్తే పని అని ఈసడించేవారు. పెళ్ళికావలసిన పిల్లను ఆ పనికి పంపడానికి తల్లిదండ్రులు జంకేవారు. మఠకన్యలు స్వయంగా ఆ పని చేసి చూపడం వలన, క్రమశిక్షణతో నేర్పడం వలన, ఆ అభిప్రాయం మెల్లమెల్లగా మారింది. నేడు గుంటూరు సెయింట్ జోసెఫ్ నర్సింగు కళాశాల ఆ సంప్రదాయానికి వారసురాలు.

ఒంటరి దీపాలు కలిసిన వేళ

దేశంలో కథోలిక వైద్యశాలలు అంతకు ముందే అక్కడక్కడ ఉన్నవి. మంగుళూరులో ఫాదర్ ముల్లర్ 1880లో పేదల కోసం మందులశాల ప్రారంభించారు. బెంగుళూరులో సెయింట్ మార్తాస్ ఆసుపత్రి 1886లో వెలసింది. కాని ఒకరి పని ఒకరికి తెలియదు. ఒకచోట మందులు మిగిలితే మరొకచోట కరవు. నర్సుల శిక్షణకు ఒక ప్రమాణం లేదు.

1943లో గుంటూరులో 16 మంది మఠకన్యలు సమావేశమై కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దానికి మూలపురుషుడు ఒక పురుషుడు కాదు. డాక్టరు సిస్టర్ మేరీ. రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులు. మందుల ఓడలు రావు, ధరలు ఆకాశాన్ని అంటుతున్నవి. అటువంటి వేళ పదహారుగురు స్త్రీలు కలిసి వేసిన విత్తు అది. ఆ సంఘం నేడు సికిందరాబాదు ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్నది. దాని సభ్యసంస్థలు 3,500కు పైగా ఉన్నవి. వాటిలో పెద్ద ఆసుపత్రులు కొన్నే. అధికభాగం మారుమూల పల్లెలలోని చిన్న వైద్యకేంద్రాలు. తరువాతి కాలంలో సంఘం పేరులో ‘హాస్పిటల్’ అనే మాటకు బదులు ‘హెల్త్’ అనే మాట చేరింది. ఆ ఒక్క మాట మార్పులో ఒక ఆలోచన మార్పు ఉన్నది. జబ్బు చేసిన తరువాత పడక ఇవ్వడం మాత్రమే వైద్యం కాదు. జబ్బు రాకుండా మంచినీరు, టీకా, పౌష్టికాహారం, పరిశుభ్రత చూడడం కూడ వైద్యమే.

అదే 1943లో ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య పరిశీలన సంఘాన్ని నియమించింది. 1946లో ఆ సంఘం సమర్పించిన నివేదిక చదివితే ఆనాటి పరిస్థితి కళ్ళకు కడుతుంది. బ్రిటిషు ఇండియాలో ప్రతి 1,000 మంది పసికందులలో 162 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే మరణించేవారు. ఏటా సుమారు 2 లక్షల మంది తల్లులు కాన్పు కారణంగా ప్రాణాలు కోల్పోయేవారు. దేశమంతటికీ ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు. ఈ అంకెల వెలుగులో చూసినప్పుడు ఒక జిల్లా పట్టణంలో నర్సులను తయారుచేయడం ఎంతటి పనో అర్థమవుతుంది.

సంఘం ముందు మరొక కల ఉన్నది. దేశంలో ఒక కథోలిక వైద్యకళాశాల ఉండాలని సిస్టర్ మేరీ ఆశించారు. ఆ కల ఫలించేదాకా ఆమె జీవించలేదు. 1957 మే 5వ తేదీన బెంగుళూరులో ఆమె కన్నుమూశారు. ఆరేళ్ళ తరువాత, 1963లో, అదే బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల ప్రారంభమయింది. చదువు ముగించినవారు కొంతకాలం వైద్యవసతి తక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాలలో పనిచేయాలన్న నియమం ఆ కళాశాలలో ఉన్నది.

లాభం లేదంటే ఖర్చు లేదని కాదు

ఇక ఖర్చుల సంగతి. ధర్మాసుపత్రి అనగానే అన్నీ ఉచితం అని చాలామంది అనుకుంటారు. ఈ భావన మంచి మనస్సులోనుంచి వచ్చినదే గాని సరియైనది కాదు. దూదికి ధర ఉన్నది. ప్రాణవాయువు సిలిండరుకు ధర ఉన్నది. ఎక్స్‌రే యంత్రం పాడయితే బాగుచేసేవాడు కూలి అడుగుతాడు. కుటుంబం ఉన్న నర్సుకు, ల్యాబు పనివానికి, వార్డు ఆయాకు నెల తిరిగేసరికి జీతం అందాలి. మఠకన్యలు తమ కష్టానికి సొంత జీతం ఆశించరు గనుక ఖర్చు కొంత తగ్గుతుంది. కొంత మాత్రమే తగ్గుతుంది.

లాభాపేక్ష లేని సంస్థకు, వ్యాపార సంస్థకు తేడా ఖర్చులో లేదు; మిగులులో ఉన్నది. వ్యాపారంలో మిగిలినది యజమానికి చేరుతుంది. ఇటువంటి ఆసుపత్రిలో మిగిలినది తిరిగి ఆసుపత్రికే చేరుతుంది: మరొక పడకగా, మరొక యంత్రంగా, డబ్బు లేని మరొక రోగి మందుగా. చెల్లించగలవారు చెల్లించే రుసుములో కొంత భాగం చెల్లించలేనివారి ఖర్చుకు ఆసరా అవుతుంది. ఆ కారణంగానే ఈ ఆసుపత్రులలో ఇటువైపు ప్రత్యేక గదులు, అటువైపు సామాన్య వార్డులు కనిపిస్తాయి. డబ్బున్నవారికి గది ఇవ్వడం పేదలకు ద్రోహం కాదు, గది సొమ్ము వార్డుకు చేరినంత కాలం. అది చేరడం ఆగిననాడు, గోడమీద ఏ పునీతుని పేరు వ్రాసి ఉన్నా, అది ధర్మాసుపత్రి కాదు.

ఈ తూకం నిలపడం తేలిక కాదు. రోగులను పూర్తిగా ఉచితంగా చూస్తే అప్పులలో మునిగి తలుపులు మూసుకోవలసి వస్తుంది. రుసుములు పెంచితే ఎవరి కోసం తలుపులు తెరిచారో వారే వెనుదిరుగుతారు. ఒకప్పుడు విదేశాల నుండి వచ్చిన విరాళాలు ఆదుకున్నవి. వాటి మీద ఆధారపడటం శాశ్వతమైన దారి కాదు. చుట్టుపట్ల పుట్టిన సంపదలో కొంత చుట్టుపట్ల ఉన్న రోగికి చేరడమే స్థిరమైన దారి. మిర్చి, పొగాకు, పత్తి వ్యాపారాలతో పేరుపొందిన గుంటూరు వంటి ప్రాంతానికి ఇది అసాధ్యం కాదు. అన్నదాన సత్రాలు, చలివేంద్రాలు నిలిపిన నేల అది.

విశ్వాసం, రోగి స్వేచ్ఛ

మరొక ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. మిషను ఆసుపత్రులు వైద్యం పేరిట మతం మార్పిస్తాయన్న అనుమానం దేశంలో చాలాకాలంగా ఉన్నది. వైద్యసేవ వెనుక మతం మార్పించాలన్న ఉద్దేశం ఉండరాదని 1930వ దశకంలో గాంధీజీ నిష్కర్షగా చెప్పారు. ఆయన సేవను తప్పుపట్టలేదు. సేవకు వేరొక లక్ష్యం తగిలించడాన్ని తప్పుపట్టారు.

ఈ హెచ్చరిక నేటికీ విలువైనదే. భారత రాజ్యాంగం 25వ అధికరణంలో ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. 26వ అధికరణంలో మతశాఖలు ధర్మకార్యాల కోసం సంస్థలను నెలకొల్పి నడుపుకోవచ్చునని హామీ ఇచ్చింది. ఈ రెండూ పరస్పరం పోషించుకోవలసిన హక్కులు. నొప్పితో ఉన్న మనిషి బలహీనుడు. అతని బలహీనతను తన విశ్వాసానికి వాడుకునే సంస్థ విశ్వాసాన్నే చిన్నబుచ్చుతుంది. వార్డులో శిలువ వేలాడవచ్చు. ఆ శిలువ కింద పడుకున్న రోగి తలగడ దగ్గర వేంకటేశ్వరుని పటం ఉండవచ్చు. ఆ పక్క మంచం దగ్గర మసీదు నుండి తెచ్చిన తాయెత్తు ఉండవచ్చు. ముగ్గురికీ ఒకే మందు, ఒకే మర్యాద అందినప్పుడే ఆ వైద్యశాల పరీక్షలో నెగ్గినట్లు. ప్రజలు ఈ పరీక్షను తమదైన పద్ధతిలో పెడతారు. ఏ ఆసుపత్రికి అన్ని మతాలవారు తమ కూతుళ్ళను పురిటికి తీసుకువస్తారో ఆ ఆసుపత్రి నెగ్గినట్లే లెక్క.

ప్రభుత్వం ఉన్నప్పుడు ధర్మసంస్థ ఎందుకు?

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దృశ్యం మారింది. 1946లో ప్రారంభమైన గుంటూరు వైద్యకళాశాల, దానికి అనుబంధమైన ప్రభుత్వాసుపత్రి, తరువాత వెలసిన ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు జిల్లా ప్రజలకు పెద్ద అండ అయినవి. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. మరి ప్రభుత్వం ఆ విధి నిర్వహిస్తున్నప్పుడు ధర్మాసుపత్రి అవసరం ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు.

సమాధానం కష్టం కాదు. ప్రభుత్వాసుపత్రిలో రోగుల రద్దీ అధికం. ప్రైవేటు ఆసుపత్రిలో ఖర్చు అధికం. ఈ రెండింటి నడుమ మధ్యతరగతి రైతు, చిన్న ఉద్యోగి, దినకూలి నిలబడి ఉంటాడు. ఒక్క శస్త్రచికిత్స కోసం ఎకరం పొలం అమ్ముకున్న కుటుంబాలు ప్రతి ఊరిలో ఉన్నవి. అతనికి కావలసినది దానం కాదు. న్యాయమైన ధరకు నమ్మకమైన వైద్యం. ధర్మాసుపత్రికి చోటు అక్కడ ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. పేద కుటుంబం ఆసుపత్రిలో చేరినప్పుడు నిర్ణీతమైన చికిత్సల ఖర్చు ప్రభుత్వం భరించే పద్ధతి ఇది. దీనివలన పేదవానికి ప్రైవేటు ఆసుపత్రి తలుపు కూడ తెరుచుకున్నది. అదే సమయంలో ధర్మాసుపత్రులకు కొత్త ప్రశ్న ఎదురయింది. పేదవాడు ఎక్కడికైనా వెళ్ళగలిగినప్పుడు అతడు తమ దగ్గరకే ఎందుకు రావాలి? జవాబు యంత్రాలలో దొరకదు. పెద్ద యంత్రాలు డబ్బున్న ఎవరైనా కొనగలరు. అనవసరమైన పరీక్ష వ్రాయకపోవడం, అవసరం లేని శస్త్రచికిత్స చేయకపోవడం, చావు తప్పని రోగి పక్కన కూడ కూర్చోవడం, ఇవి కొనడానికి దొరకవు. ధర్మాసుపత్రి నేడు నిలుపుకోవలసిన ఆస్తి ఇదే.

కరోనా విపత్తు వచ్చిన 2020లో సికిందరాబాదులోని ఈ ఆరోగ్య సంఘం తన సభ్య ఆసుపత్రులను ప్రభుత్వ సేవకు అందుబాటులో ఉంచుతామని ముందుకు వచ్చింది. ఆపద వేళ ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్ల వలె నడవగలవని, నడవాలని ఆ రోజులు గుర్తుచేసినవి.

మరొక కొరత కూడ ఉన్నది. మఠజీవనానికి వచ్చే యువతుల సంఖ్య ఎల్లకాలం ఒకేలా ఉండదు. శిక్షణ పొందిన నర్సులు మంచి జీతం కోసం గల్ఫు దేశాలకు, ఐరోపాకు వెళుతున్నారు. వారిని తప్పుపట్టడం తగదు. ఇంటి అప్పులు తీర్చడానికి, తమ్ముళ్ళను చదివించడానికి వెళుతున్నవారే అధికం. కాని వారి స్థానాన్ని ఎవరు నింపాలి? ఒకప్పుడు ఆస్ట్రేలియా నుండి ఒక డాక్టరు గుంటూరు వచ్చారు. నేడు గుంటూరు నుండి డాక్టర్లు, నర్సులు ఆస్ట్రేలియా వెళుతున్నారు. కాలం తెచ్చిన ఈ తిరుగుడు ఆలోచింపజేసేది.

చివరిమాట

2022లో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడుగా విడిపోయింది. పటం మీద గీతలు మారినవి. రోగి దారి మాత్రం మారలేదు. మాచర్ల వైపు నుండి, రేపల్లె వైపు నుండి ఇప్పటికీ బస్సులు గుంటూరు చేరుతూనే ఉన్నవి. చేతిలో పాత చీటీలు, చంకలో పసిబిడ్డ, కొంగున ముడివేసిన కొద్ది డబ్బులతో తల్లులు దిగుతూనే ఉన్నారు.

ఈ కథలో స్కాట్లండు వైద్యురాలు, డచ్చి మఠకన్యలు, ఆస్ట్రేలియా డాక్టరమ్మ పేర్లు పుస్తకాలలో మిగిలినవి. వారి దగ్గర పని నేర్చుకుని పల్లెపల్లెకూ వెళ్ళిన తెలుగు యువతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పుట్టిన బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్నది వారే. సేవ అనేది విదేశాల నుండి దిగుమతి అయ్యే వస్తువు కాదు. ఒక చోటి నుండి మరొక చోటికి అంటించుకునే దీపం. దీపం ఎవరు తెచ్చారన్నది చరిత్ర. దానిలో నూనె పోయవలసినది ఆ ఊరివారే.

గ్రంథాలయంలో కూర్చుని చదివే విద్యార్థినీ విద్యార్థులలో రేపటి డాక్టర్లు, నర్సులు, లెక్కలు చూసే ఉద్యోగులు, శాసనాలు చేసే ప్రతినిధులు ఉన్నారు. ఒక చిన్న పుస్తకం మెల్బోర్న్ నగరంలో ఒకరి దారి మార్చి, గుంటూరు జిల్లాలో వేలాది పురిటిమంచాల మీద వెలుగు నింపింది. చదువు చేయగల పని ఇంత పెద్దది. డాక్టరు సిస్టర్ మేరీ బయలుదేరే ముందు నాలుగేళ్ళు నిలిచి, అవసరమైన విద్య సంపాదించుకుని మరీ వచ్చారన్న సంగతిని కూడ యువతరం గుర్తుంచుకోవాలి. దయకు నేర్పు తోడైతేనే రోగికి మేలు. నేర్పుకు దయ తోడైతేనే దేశానికి మేలు.